ఆకలి తీరవలెను, బరువు తగ్గవలెను

శరీరము బరువెక్కినదని గ్రహించిన మనుష్యుడు మొట్టమొదట చేయు పని భోజనము మానుట. తెలుగువారి ఇండ్లలో ఇందుకు ఒక సామెత కూడ సిద్ధముగా నున్నది: లంఖణము పరమౌషధము. నాలుగు దినములు రాత్రిపూట అన్నము మానివేయును. ఐదవ దినమున ఆకలికి ఓడి, మానిన పూటలకు వడ్డీతో సహా భుజించును. నెల తిరుగునప్పటికి బరువు మరల మొదటికి వచ్చును. ఇట్లు ఓడిపోయినవారు పలువురు అది తమ మనోదౌర్బల్యమే యని తలచి తమ్ము తాము నిందించుకొందురు. కాని వైద్యచరిత్రను కొంత ఓపికతో తిరుగవేసినచో, లోపము మనోబలములో కాక ఎంచుకొన్న పద్ధతిలో నున్నదని తోచును. ఆకలిని శత్రువుగా నెంచిన ఉపాయములు నిలువలేదు. ఆకలిని తీర్చుచునే బరువును తగ్గించిన ఉపాయములు నిలిచినవి.

ఈ చరిత్రను మన దేశమునుండియే ప్రారంభింపవచ్చును. చరకసంహితలోని సూత్రస్థానమున 21వ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు మొదలుగా దేహవిషయమున నిందితులైన ఎనిమిది విధములవారిని అందు పేర్కొని, వారిలో అతిస్థూలుని గూర్చియు, అతికృశుని గూర్చియు ఆచార్యుడు విస్తరించి చెప్పెను. ఆయుర్దాయము తగ్గుట, కదలిక మందగించుట, దుర్బలత్వము, అధికమైన చెమట, అతిక్షుధ, అతిదాహము మొదలైన ఎనిమిది దోషములు స్థూలునికి కలుగునట. స్థూలుడు, కృశుడు అను ఇరువురిలో స్థూలునికి చికిత్స చేయుటయే కష్టమనికూడ ఆయన తేల్చి చెప్పెను.

ఎందుచేత కష్టము? మేదస్సు మార్గములను ఆవరించుటవలన వాయువు కోష్ఠములో విశేషముగా సంచరించి జఠరాగ్నిని రగిలించును. తిన్నది వెంటనే జీర్ణమై మరల ఆహారమును కోరును అని చరకుని వివరణము. నేటి శరీరశాస్త్రము ఈ మాటలలో మాటలాడదు. ఐనను ఇందలి పరిశీలన ముఖ్యమైనది. లావుగా నున్నవాడు జిహ్వచాపల్యమువలననే తినుచున్నాడని ఆచార్యుడు కోపగించుకొనలేదు. వానికి నిజముగానే ఆకలి యెక్కువ అని గుర్తించినాడు. కనుకనే ఆయన విధించిన ఆహారమునకు రెండు లక్షణములు చెప్పినాడు. అది గురువుగా, అనగా అరుగుటకు ఆలస్యమగునదిగా నుండవలెను. అదే సమయమున అతర్పణము, అనగా దేహమును బలియజేయనిదిగా నుండవలెను. ఒక మాటలో చెప్పవలెనన్న కడుపు నిండవలెను, కొవ్వు పెరుగరాదు.

అట్టి ఆహారము ఏది? ఆ అధ్యాయములోని పట్టిక చూచినవారికి అది దూరదేశపు మందుల జాబితాగా తోచదు. యవలు, కొర్రలు, ఆరికలు, జొన్నలుగా పండితులు గుర్తించిన ధాన్యము, పెసలు, ఉలవలు, కందులు, పటోలము, ఉసిరిక. పలనాటిలోను, రాయలసీమలోను, తెలంగాణపు మెట్టభూములలోను తరతరములుగా సామాన్యులు తినిన తిండి చాలవరకు ఇదే. వారు చరకుని చదివి తినలేదు. వానలు చాలని నేలలో అవే పండినవి గనుక తినినారు. వరియన్నము పండుగనాటి వంట. శ్రీనాథునివని ప్రసిద్ధికెక్కిన చాటువులలో పలనాటి జొన్నకూటిపై విసుగు కనబడుటయు మనము ఎరిగినదే.

ఆ అధ్యాయములోనే మరియొక చిన్న మాట కలదు. స్థూలత్వమును వదలించుకొన గోరువాడు వ్యాయామమును, చింతనమును, జాగరమును పెంచుకొనవలెనని చెప్పుచు, ‘క్రమేణ’ పెంచుకొనవలెనని ఆచార్యుడు విధించెను. నిద్ర తగ్గించుమను సలహాను నేటి వైద్యులు ఒప్పుకొనరు. నిద్ర చాలనివారికి ఆకలి పెరుగునని ఇప్పుడు తెలిసినది. కాని క్రమేణ అను మాటకు మాత్రము కాలదోషము పట్టలేదు. ఇక మన సామెతలోని లంఖణము సంగతి. తరువాతి అధ్యాయమున లంఘనమనగా దేహమునకు తేలికదనమును కలిగించునదని అర్థము చెప్పి, దానిని పది విధములుగా విభజించినారు. ఆ పదింటిలో ఉపవాసము ఒక్కటి మాత్రమే, వ్యాయామము మరియొకటి. మన వాడుకలో తొమ్మిది జారిపోయి ఒక్కటి మిగిలినది.

ఇక ఐరోపా ఖండమునకు పోదము. అక్కడ ఈ విషయమున మొదట విశేషఖ్యాతి గాంచినవాడు లుయీజీ కొర్నారో అను వెనీసు ప్రభువంశీయుడు. పదునారవ శతాబ్దమున పాదువా నగరములో నివసించిన ఈయన యౌవనమున విందులకును మద్యమునకును అలవాటుపడి, నలువది ఏండ్లు నిండకమునుపే మంచము పట్టెను. వైద్యులు మితాహారము తప్ప మార్గములేదని చెప్పగా, దినమునకు 12 ఔన్సుల ఆహారము, 14 ఔన్సుల ద్రాక్షాసవము అని కొలత పెట్టుకొని, దానినే జీవితాంతము పాటించెను. ఈ అనుభవమును 1558లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. అది అనేక భాషలలోనికి అనువదింపబడి శతాబ్దములపాటు చదువబడినది. కొర్నారో చెప్పుకొన్న వయస్సు విషయమున చరిత్రకారులు సందేహపడినారు. ఆయన కొలతను నేడు ఎవ్వరును అనుకరింపవలసిన పనియు లేదు. గమనింపవలసినది ఒక్కటే: ఆయన పథ్యము నెలకో, మండలమునకో ఉద్దేశించినది కాదు. నిత్యజీవితమునే అట్లు మార్చుకొనెను.

అదే పాదువాలో మరికొంతకాలమునకు సాంతోరియో అను వైద్యాచార్యుడు త్రాసుకు కట్టిన కుర్చీలో కూర్చుండి భుజించి, తినినదానిని, విసర్జించినదానిని, తన దేహమును ఏండ్ల తరబడి తూచుకొనెను. తినిన ఆహారమంతయు ఏమగుచున్నదను ప్రశ్నను తూకముతో పరీక్షింపవచ్చునని 1614లో వెలువడిన ఆయన గ్రంథము లోకమునకు చూపెను. నేడు మన ఇండ్లలో స్నానాల గది ప్రక్కన నుండు తూకపు యంత్రమునకు ఆయన కుర్చీయే పూర్వికురాలు.

తరువాతి శతాబ్దమున ఇంగ్లండులో జార్జి చేని అను వైద్యుడు ఉండెను. స్కాట్లండు నుండి లండనుకు వచ్చి, స్నేహితులను సంపాదించుటకై పానశాలలలో తిని త్రాగి, క్రమముగా 32 స్టోనుల బరువునకు, అనగా 200 కిలోలకు పైబడి పెరిగెను. రోగులకు మందిచ్చు వైద్యునికి మెట్లెక్కుటయే దుర్భరమైనది. అప్పుడు మాంసమును మద్యమును మాని పాలు, కూరలు, గింజలతో కూడిన ఆహారమునకు మారగా దేహము తేలికపడెను. ఆరోగ్యము కుదుటపడినదని నమ్మి మరల పాత అలవాట్లకు మళ్లగా పాత బరువు తిరిగివచ్చెను. రెండవసారి పాలు, కూరల పథ్యమునకు వచ్చి, 1743లో మరణించువరకు దానిని విడువలేదు. ఈ కథనంతయు 1733లో ప్రకటించిన గ్రంథములో ఆయనయే దాపరికము లేక వ్రాసుకొనెను. బరువు తగ్గినదని పథ్యమును ముగించువానికి ఏమగునో చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు.

సామాన్యజనులలో ఈ విషయమును ప్రచారమునకు తెచ్చిన కీర్తి మాత్రము విలియం బాంటింగునకే దక్కినది. ఈయన వైద్యుడు కాడు. లండనులో ప్రముఖుల అంత్యక్రియలకు ఏర్పాట్లు చేయు వ్యాపారి. 1862లో ఆయనకు 66 ఏండ్లు. పొడవు 5 అడుగుల 5 అంగుళములు. బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు. వంగి బూట్ల త్రాడు కట్టుకొనలేడు. మోకాళ్లపై భారము పడకుండుటకు మెట్లను వెనుకకు నడచి దిగెడివాడు. దీనికై ఆయన చేయని ప్రయత్నము లేదు. థేమ్సు నదిలో పడవ త్రొక్కినచో కండలతో పాటు ఆకలియు పెరిగెను. ఆవిరిస్నానములు చేసెను. ఔషధజలముల ఊళ్లకు తిరిగెను. ఏదియు ఫలింపలేదు.

తుదకు చెవి మందగించుటచే విలియం హార్వీ అను చెవివైద్యుని యొద్దకు పోయెను. ఆ వైద్యుడు పారిసులో క్లోదు బెర్నారు చేసిన ఉపన్యాసములను విని, కాలేయమునకును చక్కెరకును గల సంబంధమును ఎరిగియున్నవాడు. బాంటింగు దినచర్యను విచారించి, రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానుమని చెప్పెను. ఆ స్థానమున మాంసము, చేపలు, దుంపలు కాని కూరలు, కొద్దిపాటి పండ్లు విధించెను. వింతయేమనగా బాంటింగు ఆకలితో బాధపడలేదు. దినమునకు నాలుగుసార్లు తృప్తిగా భుజించెను. సుమారు ఒక సంవత్సరములో 46 పౌనులు, అనగా 21 కిలోలు తగ్గెను. మెట్లను ముందుకు చూచుచు దిగగలిగెను. 1863లో ఈ వృత్తాంతమును తన ఖర్చుతో అచ్చువేయించి ఉచితముగా పంచగా, అనతికాలములో అది దేశమంతట వ్యాపించినది. ఆంగ్లములో పథ్యము చేయుటకు ఆయన పేరే క్రియాపదమైనది. స్వీడను భాషలో నేటికిని ఆ మాటయే వాడుకలో నున్నది. ఇందు క్రొత్తదేమియు లేదని కొందరు వైద్యులు పరిహసించినారు. ఆయన 81 ఏండ్లు జీవించి 1878లో మరణించెను.

బాంటింగు భోజనపు పట్టికలోని మాంసమద్యములు మనకు ఆదర్శములు కావు. లెక్క మాత్రము చూడదగినది. ఏడాదికి 21 కిలోలనగా వారమునకు 400 గ్రాములు. త్వరత్వరగా తగ్గవలెనని ఆయన తొందరపడలేదు. శతాబ్దమునకు పైగా గడచిన పిదప హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, వారమునకు అర కిలో మేరకు బరువు తగ్గుట క్షేమకరమని తన ఆహార మార్గదర్శకములలో పేర్కొన్నది. లండను వ్యాపారి అనుభవమును, మన శాస్త్రజ్ఞుల లెక్కయు ఇంచుమించు ఒక్కచోటికి చేరినవి.

పందొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికాలో అట్వాటరు మొదలైన శాస్త్రజ్ఞులు ఆహారమునందలి శక్తిని కేలరీలలో కొలిచిరి. పిండిపదార్థము గ్రామునకు 4, మాంసకృత్తులు గ్రామునకు 4, కొవ్వు గ్రామునకు 9 కేలరీలు ఇచ్చునని తేలెను. లూలూ హంటు పీటర్సు అను వైద్యురాలు 1918లో వెలువరించిన పుస్తకముతో ఈ లెక్క వంటయింటిలో ప్రవేశించినది. లెక్క సరియైనదే. కాని లెక్క తెలిసిన పిమ్మట తొందరయు పెరిగెను. లోపలి మంటను మందుతో రగిలించి, తిండి మార్చుకొనకయే బరువు తగ్గవచ్చునను ఆశ పుట్టెను. 1933లో డైనైట్రోఫీనాలు అను రసాయనము ఈ గుణము కలదని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు ప్రకటింపగా, వేలాదిమంది దానిని మ్రింగిరి. బరువు తగ్గిన మాట నిజమే. దానివెంట కొందరికి కన్నులలో శుక్లములు కమ్మెను. కొందరు దేహతాపము హద్దుమీరి మరణించిరి. 1938లో అమెరికా ప్రభుత్వము అది మానవుల వాడుకకు పనికిరాదని నిషేధించెను.

మందు మాట అట్లుండగా, ఆకలిని బలవంతముగా అణచినచో ఏమగునో రెండవ ప్రపంచయుద్ధకాలమున స్పష్టమాయెను. యుద్ధమువలన కరవుపాలైన ప్రజలకు మరల ఎట్లు అన్నము పెట్టవలెనో తెలిసికొనుటకై, 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెలు కీసు అను శాస్త్రజ్ఞుడు 36మంది ఆరోగ్యవంతులైన యువకులపై పరిశోధన ప్రారంభించెను. వారందరు ఇష్టపూర్వకముగా వచ్చినవారు. 24 వారములపాటు వారికి మామూలు తిండిలో ఇంచుమించు సగము మాత్రమే పెట్టి, పనిచేయించి, నడిపించినారు. వారి బరువులో నాలుగవ వంతు తగ్గెను. నాడి మందగించెను, వేసవిలోను చలి వేసెను, మనస్సు క్రుంగెను. పగలు తిండి మాట, రాత్రి తిండి కల. కొందరు పాకశాస్త్ర గ్రంథములను భక్తితో చదువసాగిరి. తరువాత కావలసినంత తిననిచ్చినప్పుడు ఎంత తినినను ఆకలి తీరలేదని వాపోయిరి. వారి దేహములలో కొవ్వు పూర్వముకంటె ఎక్కువగా చేరెను. వారు సన్ననివారే గనుక స్థూలులకు ఈ ఫలితము యథాతథముగా వర్తింపదు. ఐనను ఆకలి మనస్సు కల్పించిన భ్రమ కాదనియు, శరీరము తన్ను తాను కాపాడుకొనుటకు చేయు ప్రయత్నమనియు ఇందువలన రుజువైనది. నాలుగు పూటలు మాని ఐదవ పూట ఓడిపోయిన గృహస్థుడు తన్ను తాను నిందించుకొన నక్కరలేదు.

మరి ఆకలిని అణచక, తృప్తిగా తినుచు బరువు తగ్గుట సాధ్యమా? 2019లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో కెవిను హాలు బృందము ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చూపుచున్నది. 20మందిని ఒక్కచోటనే నివసింపజేసి, రెండు వారములు కర్మాగారములలో విపరీతముగా సంస్కరింపబడిన ఆహారమును, మరి రెండు వారములు పచ్చి సరుకులతో వండిన ఆహారమును వడ్డించినారు. వడ్డించిన దానిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండు పక్షములలోను సమానముగా నుండునట్లు చూచినారు. ఎంత తినవలెనో వారి ఇష్టమునకే విడిచినారు. కర్మాగారపు తిండి తినిన దినములలో వారు దినమునకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తినిరి. ఆ రెండు వారములలో సుమారు 900 గ్రాములు పెరిగిరి; వండిన తిండి తినిన రెండు వారములలో ఇంచుమించు అంతే తగ్గిరి. పూట మానుమని ఎవ్వరును చెప్పలేదు. ఆకలి తీరినంత తినినారు. ఆకలి మాత్రము త్వరగా తీరినది. గురువు, అతర్పణము అను చరకుని రెండు మాటలు ఇక్కడ జ్ఞప్తికి రాకమానవు.

ఇప్పుడు మన ఇంటి విస్తరిని చూచుకొందము. గడచిన కొన్ని తరములలో అది మారినంతగా వెనుకటి శతాబ్దములలో మారియుండదు. కాలువలు వచ్చినవి, మరలు వచ్చినవి, దంపుడు బియ్యము పోయి తవుడును అంకురమును తొలగిన తెల్లని బియ్యము వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల పథకము బియ్యమును పేదవానికి అందుబాటులోనికి తెచ్చినది. అర్ధాకలితో పండుకొనిన ఇండ్లలో అన్నము ఉడికినది. అది చిన్న మేలు కాదు. కాని జొన్న, కొర్ర, ఆరిక విస్తరినుండి తప్పుకొన్నవి. పొలములో నడచిన కాళ్లు కుర్చీలకు అలవాటుపడినవి. సంచులలో కట్టిన చిరుతిండి ప్రతి వీధి కొట్టులోను వ్రేలాడుచున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో మూడవ వంతునకు మించి అధికబరువు కలవారని తేలినది. తెలంగాణలోను ఈ సంఖ్య ఇంచుమించు మూడవ వంతునకు సమీపమున నున్నది. దేశములో మధుమేహముగలవారు 2021 నాటికి పది కోట్లకు మించినారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగిన అధ్యయనము 2023లో ప్రకటించినది. కనుక ఇది అందచందముల ప్రశ్న కాదు. ఇంటి పెద్దల కన్నులు, మూత్రపిండములు, గుండె నిలుచునా యను ప్రశ్న.

పరిష్కారమునకు దూరము పోనక్కరలేదు. 1918లో కూనూరులో మెక్‌కారిసను చిన్న పరిశోధనగా ప్రారంభించి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార సంస్థయే 2024లో భారతీయులకు క్రొత్త మార్గదర్శకములను వెలువరించినది. దినమున తిను ఆహారములో ఇంచుమించు సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండవలెననియు, ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదనియు అందు చెప్పినారు. మన మామూలు విస్తరిలో నడుమనున్న అన్నపురాశిని, అంచున నున్న కూరను తలచుకొన్నచో, మారవలసినదేదో వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నమును శత్రువుగా చూడవలసిన పనిలేదు. దాని స్థానమును కొంచెము జరిపిన చాలును. నాలుగు గరిటెల అన్నము మూడగును. ఆ ఖాళీలో గరిటెడు పప్పు, గరిటెడు ఆకుకూర చేరును. వారమున రెండు దినములు రాత్రి జొన్నరొట్టెయో, కొర్రన్నమో వండుకొనవచ్చును. ఐతే కొర్రలైనను, దంపుడు బియ్యమైనను హద్దులేక తినినచో బరువు పెంచునవే యని మరువరాదు. సాయంకాలపు పొట్లము స్థానమున గుప్పెడు ఉడికించిన పెసలో, ఉలవగుగ్గిళ్లో చాలును. మజ్జిగ త్రాగినచోట తీపి పానీయము అక్కరలేదు. నడకను నేడు పది నిమిషములతో ప్రారంభించి, నెలకు కొంత పెంచుకొనవచ్చును. మధుమేహమునకు మందు వాడువారు, గర్భిణులు, దీర్ఘరోగములు కలవారు మాత్రము వైద్యుని అడిగియే మార్పులు చేసికొనవలెను.

ఇట్లు చేసినవారికి వారమున అర కిలోయైనను తగ్గకపోవచ్చును. ఒకొక వారము త్రాసుముల్లు కదలకయు పోవచ్చును. బాంటింగునకు సంవత్సరము పట్టినది. చేనికి రెండవ ప్రయత్నము కావలసివచ్చినది. ఇరువురును దినదినము తినదగిన భోజనమును కనుగొని, దానిని విడువక నిలిచినారు. ఈ రాత్రి వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తగ్గించి, బుట్టలోనుండి మరియొక ఆకుకూర కట్ట తీసినచో, ఆ మార్గమున మొదటి అడుగు పడినట్లే. రెండవ అడుగు వచ్చే వారమునకు ఉండనే ఉన్నది.